చెత్తకుప్ప చిరునామా

హ్యూస్టన్ బల్లపరుపు ఊరు. మెక్సికో సింధుశాఖ వైపు వాలుతూ, సముద్రమట్టానికి యాభై అడుగులకు అటూఇటూగా పరుచుకున్న ఆ నగరంలో గుట్ట అన్నది దానంతటది ఏర్పడదు. ఎక్కడైనా నేల పొంగినట్టు లేచి, పైన పచ్చగడ్డి మొలిచి కనిపిస్తే దాని కడుపులో పాత చెత్త ఉందేమోనని అనుమానించవచ్చు. 1979లో టెక్సస్ సదరన్ యూనివర్సిటీలో సోషియాలజీ చెప్పే రాబర్ట్ బుల్లార్డ్, తన క్లాసులోని పదిమంది విద్యార్థులను వెంటబెట్టుకుని వెతికింది ఇలాంటి మిట్టల కోసమే. అప్పటికి ఆయన వయసు 32. ఈనాటిలా కంప్యూటర్ మ్యాపులు లేవు. కాగితం మ్యాపులు, రంగు పెన్నులు, గుండుసూదులు, నగరపాలక సంస్థ పాత రికార్డులు, జనగణన పుస్తకాలు, పేటల్లో చిరకాలంగా ఉంటున్నవారి జ్ఞాపకాలు, ఇవే పనిముట్లు. 1930ల నుంచి 1978 దాకా ఆ నగరం తన చెత్తను ఎక్కడెక్కడ పూడ్చింది, ఎక్కడెక్కడ కాల్చింది అన్నది ఒక్కొక్క చోటూ గుర్తించి, ఆ చుట్టూ ఎవరు కాపురం ఉంటున్నారో పక్కనే రాసుకున్నారు. నగరపాలక సంస్థ సొంత డంపింగ్ యార్డులు ఐదు. ఐదూ నల్లజాతి పేటల్లోనే. చెత్త కాల్చే భట్టీలు ఎనిమిది. అందులో ఆరు అక్కడే. ప్రైవేటు యార్డులు నాలుగు, మూడు అక్కడే. ఊరి జనాభాలో నల్లజాతివారు నలుగురిలో ఒకరు. చెత్తలో వారి పేటలకు చేరింది మాత్రం నూటికి 82 పాళ్లని ఆయన లెక్క తేల్చారు.

తర్వాతి కాలంలో అమెరికా పత్రికలు బుల్లార్డ్‌ను పర్యావరణ న్యాయోద్యమ పితామహుడు అని రాశాయి. పితామహుడు, మార్గదర్శి లాంటి బిరుదుల వెనక మనిషి చేసిన పని మరుగున పడిపోతుంది. ఆయన చేసిన అసలు పని పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఒక జాబితా రాశారు. ఆ జాబితా కోర్టులో ఓడిపోయింది. ఓడిన చోటే ఆయనకు జీవితకాలానికి సరిపడా ప్రశ్న దొరికింది. అన్యాయం జరిగిందో లేదో తేల్చడానికి చేసినవాడి మనసులో ఏముందో చూడాలా, జరిగిన పని ఎవరి నెత్తిన పడిందో చూడాలా? న్యాయస్థానాలు మొదటిది అడిగాయి. ఆయన నాలుగున్నర దశాబ్దాలుగా రెండోదాన్ని చూపిస్తూ వచ్చారు. సమాజశాస్త్రం పర్యావరణానికి చేసిన మేలు ఏమిటని అడిగితే నా జవాబు ఇదే: చూపును ఉద్దేశం మీది నుంచి ఫలితం మీదికి మళ్లించడం.

కథ మొదలైంది ఇంట్లోనే. ఆయన భార్య లిండా మెకీవర్ బుల్లార్డ్ వకీలు. హ్యూస్టన్ ఈశాన్యాన నార్త్‌వుడ్ మేనర్ అనే కాలనీవాసులు, తమ పక్కనే రాబోతున్న చెత్త యార్డును ఆపమంటూ ఆమెను ఆశ్రయించారు. ఈ రోజు హ్యూస్టన్‌లో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. వారిలో ఎక్కువమందికి తెలిసిన షుగర్‌ల్యాండ్, కేటీలు నగరానికి నైరుతిన, పడమరన ఉంటాయి. నార్త్‌వుడ్ మేనర్ దాదాపు ఎదురు మూల. అలాగని అది మురికివాడేమీ కాదు. సొంత ఇళ్లు కట్టుకున్న మధ్యతరగతి కాలనీ. ఉన్నవారిలో అత్యధికులు నల్లజాతివారు. పౌరహక్కుల చట్టాన్ని చెత్త యార్డు మీద ప్రయోగించిన మొదటి వ్యాజ్యంగా ‘బీన్ వర్సెస్ సౌత్‌వెస్టర్న్ వేస్ట్ మేనేజ్‌మెంట్’ కేసును చెప్పుకుంటారు. వివక్ష అని వాదించాలంటే ఒక్క యార్డు చాలదు, ఊరంతటి లెక్క కావాలి. ఆ లెక్క తీసిపెట్టే మనిషి కోసం లిండా దూరం వెళ్లనక్కర్లేకపోయింది. గృహవసతి, పట్టణాల పెరుగుదల వంటి విషయాల మీద పనిచేసుకుంటున్న భర్తకు పర్యావరణం అప్పటికి కొత్త ఊరే.

కేసు విన్న జడ్జి గాబ్రియెల్ మెక్‌డొనాల్డ్ స్వయంగా నల్లజాతి మహిళ. ఆ తర్వాత యుగొస్లావియా యుద్ధనేరాల అంతర్జాతీయ న్యాయస్థానానికి అధ్యక్షురాలు కూడా అయ్యారు. 1979 డిసెంబరులో ఆమె ఇచ్చిన తీర్పును ఇప్పుడు చదివినా మనసు చివుక్కుమంటుంది. ఏసీ కూడా లేని ఒక హైస్కూలుకు, అందులోనూ ఎక్కువమంది నల్లజాతి పిల్లలు చదివే స్కూలుకు, 1,700 అడుగుల దూరంలో చెత్త యార్డు పెడుతున్నారని ఆమె గుర్తించారు. తానే అధికారి స్థానంలో ఉంటే ఈ అనుమతి ఇచ్చేదాన్ని కాదని కూడా రాశారు. అయినా పనులు ఆపించలేదు. కారణం, 1976 నుంచి అమెరికా సుప్రీంకోర్టు గీసిన గీత. ఒక ప్రభుత్వ నిర్ణయం ఫలితం ఒక జాతి మీద ఎక్కువగా పడిందని చూపితే చాలదు. ఆ జాతి మీద వివక్షతోనే నిర్ణయం తీసుకున్నారని రుజువు చేయాలి. ఫైలు మీద ఎవరూ అలా రాసుకోరు కదా! పైగా ఆమె ముందు మరో లెక్క కూడా ఉంది. రాష్ట్ర ఆరోగ్యశాఖ అనుమతించిన 17 యార్డుల్లో సగానికి పైగా, తెరిచేనాటికి మైనారిటీ జనాభా నాలుగో వంతు మించని జనగణన ట్రాక్టుల్లోనే ఉన్నాయి. ఆ లెక్కలో వివక్ష కనబడదు. బుల్లార్డ్ పట్టికలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రెండూ ఒకే ఊరి గురించినవి. తేడా ఎక్కడుంది? జనగణన ట్రాక్టు పెద్దది. దాని ఒక మూలన చెత్తకుప్ప, ఇంకో మూలన తెల్లజాతి కాలనీ ఉంటే, కాగితం మీద ఆ కుప్ప తెల్లజాతి ట్రాక్టు ఖాతాలో పడుతుంది. బుల్లార్డ్ కొలిచింది పేటను, అంటే ఈగలూ వాసనా చేరే దూరాన్ని. గీత ఎక్కడ గీస్తామన్నదాన్ని బట్టి న్యాయాన్యాయాలు తారుమారు కావడం ఆ ఒక్క కేసులోనే కనిపించింది. తరువాతి ముప్పై ఏళ్ల పరిశోధన అంతా ఈ ముడి విప్పడానికే సరిపోయింది.

కేసు చివరికి ఓటమితోనే ముగిసింది. కాని ఓడిన లెక్క ఊరికే పోలేదు. 1980లోనే హ్యూస్టన్ నగర కౌన్సిల్ తన లారీలు ఆ యార్డుకు చెత్త తోలకూడదని తీర్మానించింది. మరుసటి ఏడు స్కూళ్లలాంటి చోట్లకు దగ్గరగా చెత్త యార్డులు కట్టడాన్ని కట్టడి చేస్తూ నిబంధన తెచ్చింది. అనుమతి కోరేవారు చుట్టుపక్కల ఎవరుంటున్నారు, భూమిని దేనికి వాడుతున్నారు అన్న వివరాలు ఇవ్వాలని రాష్ట్ర ఆరోగ్యశాఖ కూడా అడగడం మొదలుపెట్టింది. జడ్జికి చాలని సాక్ష్యం పాలకులకు చాలింది. నా వాదనకు ఇది మొదటి ఆధారం: ఉద్దేశాన్ని రుజువు చేయకుండానే విధానాన్ని మార్చవచ్చు.

ఈ లెక్కల దారి బుల్లార్డ్‌కు కొత్తగా తట్టింది కాదు. 1946లో అలబామాలోని ఎల్బా అనే చిన్న ఊళ్లో, నల్లవారికీ తెల్లవారికీ బడులు కూడా వేరుగా ఉన్న రోజుల్లో పుట్టారు. మెరీన్ దళంలో రెండేళ్లు పనిచేసి, అట్లాంటాలో ఎంఏ, అయోవాలో 1976లో పీహెచ్‌డీ చేశారు. తనకు దారి చూపింది డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ అని చెప్పుకుంటారు. ఫిలడెల్ఫియాలోని నల్లజాతి వార్డులో గడపగడపకూ తిరిగి లెక్కలు రాసుకుని 1899లో పుస్తకం వేసిన డుబోయిస్, పండితుడిగా ఉంటూనే ఉద్యమకారుడిగా బతికాడు. ఆ రెండు పాత్రలకూ పొసగదని అనుకునే అలవాటు విశ్వవిద్యాలయాలకు ఎక్కువ. బుల్లార్డ్ ఆ అలవాటును ఖాతరు చేయలేదు. 1970ల అమెరికాలో పర్యావరణం అంటే అడవులు, తిమింగలాలు, జాతీయ పార్కులు. మనం ఉండే చోటు, పనిచేసే చోటు, పిల్లలు ఆడుకునే చోటు కూడా పర్యావరణమేనని ఆయనా, ఆయన తోటివారూ పట్టుబట్టారు. వినడానికి మామూలు మాటే. తెలుగువాడికి మరీ మామూలు మాట. ఊరికీ వాడకీ మధ్య దూరం, గాలివాటం, నీటివాలు చూసి ఎవరిని ఎక్కడ ఉంచారో మన పల్లెల్లో అడగకుండానే తెలుస్తుంది. కాని ఆ దూరాన్ని కాలుష్యంతో కలిపి కొలిచే శాస్త్రం ఒకటి కావాలని మనకైనా చప్పున తట్టలేదు.

1990లో వచ్చిన ఆయన పుస్తకం ‘డంపింగ్ ఇన్ డిక్సీ’ ఈ కొలతను హ్యూస్టన్ దాటించింది. డిక్సీ అంటే అమెరికా దక్షిణాది రాష్ట్రాలకు వాడుక పేరు. అందులో ఐదు చోట్లున్నాయి: నార్త్‌వుడ్ మేనర్, సీసం కరిగించే కార్ఖానా పక్కనున్న వెస్ట్ డల్లాస్, ప్రమాదకర వ్యర్థాల యార్డున్న లూసియానాలోని ఆల్సెన్, దేశంలోకెల్లా అతిపెద్ద విష వ్యర్థాల పూడిక స్థలం ఉన్న అలబామాలోని ఎమెల్, వెస్ట్ వర్జీనియాలోని ఇన్‌స్టిట్యూట్. ఈ చివరి పేరు దగ్గర భారతీయ పాఠకుడు ఒక క్షణం ఆగాలి. అక్కడిది యూనియన్ కార్బైడ్ ప్లాంటు. భోపాల్‌లో జనాన్ని చంపిన మిథైల్ ఐసోసైనేట్‌నే అక్కడా తయారుచేసేవారు. భోపాల్ దుర్ఘటన జరిగి ఏడాది తిరక్కుండానే, 1985 ఆగస్టులో, ఆ ప్లాంటు నుంచి మరో రసాయనం లీకై వందమందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. ఇన్‌స్టిట్యూట్ కూడా ప్రధానంగా నల్లజాతివారి ఊరే. అక్కడి కాలేజీ చారిత్రకంగా వారిదే. ఒకే కంపెనీ, ఒకే రసాయనం, రెండు ఖండాలు. రెండుచోట్లా ప్రహరీ గోడను ఆనుకుని ఉన్నది ఎవరి ఇళ్లో చూస్తే బుల్లార్డ్ పద్ధతికి వేరే పరిచయం అక్కర్లేదు.

ఆయనొక్కరే ఇదంతా చేశారనుకుంటే పొరపాటు. 1982లో నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీకి పీసీబీ అనే విషం కలిసిన మట్టిని తోలుతుంటే జనం లారీలకు అడ్డంగా పడుకున్నారు. 500 మందికి పైగా అరెస్టయ్యారు. ఆ మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ ఆగ్నేయ రాష్ట్రాల్లోని నాలుగు పెద్ద విష వ్యర్థాల స్థలాలు చూసి, మూడింటి చుట్టూ ఉన్నది నల్లజాతివారేనని తేల్చింది. 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ సంస్థ దేశమంతటా అదే లెక్క కట్టింది. 1991లో వాషింగ్టన్‌లో జరిగిన శ్వేతేతర జాతుల పర్యావరణ నాయకుల మహాసభ 17 సూత్రాలు ప్రకటించింది. ఆ సభ నిర్వాహకుల్లో బుల్లార్డ్ ఒకరు. 1994 ఫిబ్రవరి 11న క్లింటన్ 12898 నంబరు కార్యనిర్వాహక ఉత్తర్వు మీద సంతకం చేశారు. తమ నిర్ణయాల దుష్ఫలితాలు పేదల మీద, మైనారిటీల మీద మితిమీరి పడుతున్నాయేమో ప్రతి కేంద్ర సంస్థా చూసుకోవాలన్నది దాని సారం. అందులో ‘ఉద్దేశం’ అన్న అడ్డుకట్ట లేదు. హ్యూస్టన్ కోర్టు వద్దన్న కొలబద్దనే వైట్‌హౌస్ చేతికి తీసుకుంది.

ఆ కొలబద్ద పనిచేసే తీరు అతి దగ్గరగా కనిపించేది లూసియానాలోని క్లెయిబోర్న్ పారిష్ (జిల్లా)లో. లూసియానా ఎనర్జీ సర్వీసెస్ అనే సంస్థ యురేనియం శుద్ధి కర్మాగారం కట్టడానికి అక్కడ స్థలం ఎంచుకుంది. ఫారెస్ట్ గ్రోవ్, సెంటర్ స్ప్రింగ్స్ అనే రెండు చిన్న పల్లెల మధ్య స్థలం అది. బానిసత్వం నుంచి బయటపడ్డ కుటుంబాలు వెలయించుకున్న పల్లెలు. రెంటినీ కలిపే రోడ్డు కర్మాగారం స్థలంలోంచి పోతుంది, కాబట్టి దాన్ని చుట్టూ తిప్పాలి. పల్లెవాసుల తరఫు నిపుణ సాక్షిగా వెళ్లిన బుల్లార్డ్ కొత్త సర్వే ఏదీ చేయలేదు. కంపెనీ స్థలం ఎంచుకున్న వరసనే పట్టుకున్నారు. మొదట 78 స్థలాలు చూశారు. వాటి చుట్టూ మైలు దూరంలో నల్లజాతివారి సగటు వాటా 28 శాతం. వడకట్టి 37 చేశారు. వాటా దాదాపు 37 శాతమైంది. ఇంకా వడకట్టి ఆరు మిగిల్చారు. 65 శాతానికి చేరింది. చివరికి ఎంచిన స్థలం చుట్టూ 97 శాతం. ప్రతి జల్లెడకూ ఏదో ఒక సాంకేతిక కారణం ఉంది, ఏ కారణంలోనూ జాతి అన్న మాట లేదు. అయినా జల్లెడ పట్టేకొద్దీ మిగిలేది ఒకే రంగు. ఇంకో స్థలం ఎందుకు నచ్చలేదయ్యా అంటే, అది మంచి మంచి ఇళ్లున్న చెరువుకు దగ్గర అని జవాబు. కారులో తిరుగుతూ కంటితో చూసి వేసిన మార్కులవి. ఇళ్లు బాగున్నచోట కర్మాగారం పెట్టడం బాగుండదని కంటికి తోచింది. బాగాలేని చోట ఆ కంటికి ఇళ్లే ఆనలేదు.

రోడ్డు సంగతి ఇంకా విచిత్రం. దారి మళ్లిస్తే పెరిగే దూరం అరమైలు లోపే, కారులో వెళ్లేవారికి అది లెక్కలోకి రాదని ప్రభుత్వ నివేదిక తేల్చేసింది. అణు నియంత్రణ కమిషన్ లైసెన్సు బోర్డు మాత్రం ఆ మాటను ఒప్పుకోలేదు. అక్కడ కార్లు లేని ఇళ్లెన్నో ఉన్నాయి, ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకు జనం నడిచి పోతారు, నడిచేవాడికి అరమైలు అరమైలే కదా అన్నది. 1997 మే 1న లైసెన్సు నిరాకరించింది. మరుసటి ఏడాది పై కమిషన్, జాతి వివక్ష ఉందో లేదో ఆరా తీయమన్న భాగాన్ని కొట్టేసింది. రోడ్డు, ఆస్తుల విలువ మీద పడే ప్రభావాలను మళ్లీ చూడాలన్న భాగాన్ని మాత్రం నిలిపింది. కంపెనీ దరఖాస్తును వెనక్కి తీసుకుంది. ఈ వివరం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఉద్దేశం గురించిన విచారణ పడిపోయింది, ఫలితం గురించిన విచారణ నిలబడింది. పల్లెలను కాపాడింది రెండోదే.

ఇక అభ్యంతరాలు. అన్నిటికన్నా బలమైనదాన్ని న్యాయశాస్త్ర ఆచార్యురాలు విక్కీ బీన్ 1994లో లేవనెత్తారు. ఇప్పుడు కుప్ప పక్కన ఎవరున్నారో చూసి, కుప్పను వారి పక్కన పెట్టారనడం తొందరపాటు కావచ్చు. కుప్ప ముందు వచ్చి ఉండవచ్చు. దాంతో అద్దెలు, ఇళ్ల ధరలు పడిపోయి, స్తోమతు ఉన్నవారు వెళ్లిపోయి, లేనివారు చేరి ఉండవచ్చు. బీన్ హ్యూస్టన్ స్థలాలనే మళ్లీ పరిశీలించి, యార్డులు వచ్చాక ఆ పేటల్లో నల్లజాతి వాటా పెరిగిందని చూపించారు. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు, బుల్లార్డ్ తొలి పట్టికలో కాలక్రమం పలచగానే ఉంది. కాని జవాబులు వచ్చాయి. మాన్యుయెల్ పాస్టర్ బృందం 2001లో లాస్ ఏంజలెస్ కౌంటీలో రెండు దశాబ్దాల లెక్కలు తీసి, జనం తర్వాత వచ్చి చేరడం కన్నా ముందే ఉన్న మైనారిటీల దగ్గర ప్లాంట్లు పెట్టడమే ఎక్కువని తేల్చింది. పాల్ మొహాయ్, రాబిన్ సాహా 2015లో దేశం మొత్తానికి అదే కనుగొన్నారు. నార్త్‌వుడ్ మేనర్ కథలో ఇంకా సూటి ఆధారం ఉంది: 1970ల మొదట్లో, అక్కడ తెల్లజాతివారు ఎక్కువగా ఉన్నప్పుడు, చెత్త యార్డు ప్రతిపాదన వస్తే కౌంటీ పాలకులే తిరస్కరించారు. జనం రంగు మారాక అదే ప్రాంతానికి అనుమతి దొరికింది. అయినా బీన్ అన్నదే పూర్తిగా నిజమనుకుందాం. పేదలూ నల్లజాతివారూ విషం పక్కకు ‘వచ్చి చేరడం’ వారి ఇష్టమా? వేరేచోట ఇల్లు అమ్మనివాళ్లూ, అప్పు ఇవ్వని బ్యాంకులూ ఉన్న దేశంలో సంత కూడా ఒక జల్లెడే. మందు వేరు కావచ్చు, రోగం లేదనడానికి అది చాలదు.

గీతల గురించిన పాత తగవు కూడా ఒక కొలిక్కి వచ్చింది. 1994లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జనగణన ట్రాక్టుల వారీగా కొలిచి, విష వ్యర్థాల ప్లాంట్లకూ జాతికీ సంబంధం లేదన్నారు. ప్లాంటు ట్రాక్టు అంచున ఉంటే అవతలి ట్రాక్టు జనాన్ని ఆ పద్ధతి లెక్కలోకి తీసుకోదు. మెక్‌డొనాల్డ్ కోర్టులో కనిపించిన చిక్కే ఇది. మొహాయ్, సాహా ట్రాక్టుల గీతలు పక్కనబెట్టి, ప్లాంటు నుంచి దూరాన్ని కొలిచారు. బుల్లార్డ్ వారితోనూ బెవర్లీ రైట్‌తోనూ కలిసి 2007లో తెచ్చిన నివేదిక ప్రకారం, 413 వాణిజ్య విష వ్యర్థాల కేంద్రాలకు మూడు కిలోమీటర్ల లోపు ఉన్నవారిలో 56 శాతం శ్వేతేతరులు. మిగతా చోట్ల వారు 30 శాతమే. పొగ జనగణన శాఖ సరిహద్దు దగ్గర ఆగిపోదు గనక ఈ కొలతే సబబు.

అసలు విషయం జాతి కాదు, పేదరికం అనేవారున్నారు. వామపక్షం నుంచీ, కుడి నుంచీ ఈ మాట వినిపిస్తుంది. పేదరికం పాత్ర లేదని బుల్లార్డ్ ఎన్నడూ అనలేదు, అదొక్కటే చాలదన్నారు. 2008లో లియామ్ డౌనీ, బ్రయన్ హాకిన్స్ చేసిన అధ్యయనంలో ఏడాదికి 50 నుంచి 60 వేల డాలర్లు సంపాదించే నల్లజాతి కుటుంబాలు, పదివేలలోపు సంపాదించే తెల్లజాతి కుటుంబాలకన్నా ఎక్కువ కాలుష్యం ఉన్న పేటల్లో ఉంటున్నాయని తేలింది. ఐదారు రెట్లు ఎక్కువ డబ్బు కూడా మంచి గాలిని కొనిపెట్టలేకపోయిందంటే పేదరికం అన్న ఒక్క మాటతో సరిపెట్టలేం. చెత్త ఎక్కడో ఒకచోట వేయాలి కదా, ఎవరి పెరట్లోనూ వద్దంటే ఎలా అన్న ప్రశ్న కూడా ఉంది. అడగాల్సిన ప్రశ్నే. కాని దానికి జవాబు ప్రతిసారీ ఒకే పెరడు అవుతోందన్నదే ఆయన ఫిర్యాదు. ఐదుకు ఐదు వచ్చినచోట ‘ఎక్కడో ఒకచోట’ అన్న మాట చెల్లదు.

చివరిది, ఆయన మనిషి మీదనే పెట్టే అభ్యంతరం. కక్షిదారు వకీలు ఆయన భార్య. అటువంటి కేసులో తీసిన లెక్క నిష్పాక్షికం ఎలా అవుతుంది? పక్షపాతం ఎక్కడ దూరుతుందో చూసుకోవలసిందే. ఆయన ప్రశ్నను ఎంచుకున్నది పక్షపాతంతోనే. అందులో దాపరికం లేదు. జవాబు మాత్రం ఎవరైనా సరిచూడగలిగే చిరునామాల జాబితా. విక్కీ బీన్ విమర్శించగలిగింది ఆ జాబితా తెరిచి ఉంచినందుకే. దానికి ఎదురుగా, ఏ పక్షమూ లేదని చెప్పుకున్న క్లెయిబోర్న్ స్థల నిపుణుల కంటికి పల్లెలు కనబడకపోవడం గుర్తుంచుకోవాలి. పక్షం బయటపెట్టుకున్నవాడి లెక్కను తనిఖీ చేయడం సులువు. బుల్లార్డ్‌లో నాకు లోపంగా తోచేది వేరు. ఆయన రచనల్లో ఉద్యమాల గెలుపు కథలు విస్తారంగా ఉంటాయి. చెత్త, విషం పుట్టే చోట, అంటే ఉత్పత్తిలో, ఏం మారాలన్న చర్చ అంతగా ఉండదు. క్లెయిబోర్న్‌లో ఆగిన సంస్థ తర్వాత న్యూ మెక్సికోలో యూనిస్ దగ్గర కర్మాగారం కట్టుకుంది. పంపకం మారితే న్యాయం కొంత దక్కుతుంది, పంచేది మాత్రం తగ్గదు.

కోర్టుల దారి ఆ తర్వాత ఇంకా ఇరుకైంది. పౌరహక్కుల చట్టం కింద కేవలం ఫలితాన్ని చూపి ప్రైవేటు వ్యక్తులు దావా వేయలేరని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది. బుల్లార్డ్ పని ఎక్కువగా నివేదికల్లో, సలహా సంఘాల్లో, నల్లజాతి విశ్వవిద్యాలయాల్లో సాగింది. 1994 నుంచి అట్లాంటాలో పర్యావరణ న్యాయ కేంద్రాన్ని నడిపి, 2011లో డీన్‌గా టెక్సస్ సదరన్‌కు తిరిగివచ్చారు. 2020లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం జీవిత సాఫల్య పురస్కారమిచ్చింది. మరుసటి ఏడాది వైట్‌హౌస్ పర్యావరణ న్యాయ సలహా మండలిలో సభ్యులయ్యారు. ఆ పదవులకన్నా ఆసక్తి కలిగించేది ఆయన సొంత ఊరు ఎల్బా పక్కనున్న షైలో. బానిసల వారసులు తరతరాలుగా అట్టిపెట్టుకున్న భూములవి. రాష్ట్ర రహదారుల శాఖ అక్కడి రెండు వరసల హైవేను నాలుగు వరసలు చేస్తూ ఎత్తు పెంచింది. ఒకప్పుడు ఇళ్లతో సమంగా ఉన్న రోడ్డు ఇప్పుడు ఇళ్లమీదికి నీళ్లు వదులుతోంది. వాన పడ్డప్పుడల్లా పెరళ్లు మడుగులై గోడలు బీటలువారాయి. ఎవరినీ ముంచాలని ఏ ఇంజినీరూ అనుకుని ఉండడు. నీళ్లు మాత్రం షైలోలోకే వచ్చాయి. బుల్లార్డ్ ఆ ఊరికి పదే పదే వెళ్లి గొంతెత్తాక కేంద్రం పౌరహక్కుల దర్యాప్తు మొదలుపెట్టింది. 2024లో రవాణా మంత్రి స్వయంగా వచ్చి చూశారు.

2025 జనవరిలో ట్రంప్, అధికారం చేపట్టిన మరునాడే, 1994 నాటి 12898 ఉత్తర్వును రద్దు చేశారు. ఏ పేటలో ఎంత కాలుష్యం, అక్కడ ఎవరుంటున్నారు అన్నది ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవడానికి పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈజేస్క్రీన్ అనే మ్యాపును అంతకు ముందు నడిపేది. హ్యూస్టన్‌లో పదిమంది విద్యార్థులు కాగితం మీద గుండుసూదులు గుచ్చి చేసిన పనికి అది కంప్యూటర్ రూపం. ఫిబ్రవరిలో దాన్నీ తీసేశారు. బయటి పరిశోధకులూ స్వచ్ఛంద సంస్థలూ ఆ డేటాను ముందే దింపి దాచుకున్నారు. కొద్ది రోజుల్లోనే నకలు మ్యాపు తయారుచేసి, అందరూ చూసుకునేలా మళ్లీ పెట్టారు.